తలకు తగిలిన బంతిని ఎవరు కొలిచారు? అమ్మాయిల ఫుట్‌బాల్‌లో తేలని లెక్క

మా అన్నయ్య డాలస్ నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఒక వీడియో పంపుతాడు, అక్కడ అప్పటికి ఇంకా శనివారం రాత్రే. నా మేనకోడలి ఫుట్‌బాల్ మ్యాచ్. దానికి పదమూడేళ్లు, డిఫెన్స్‌లో ఆడుతుంది. మొన్న పంపిన దాంట్లో అవతలి గోల్‌కీపర్ బంతిని బలంగా తన్నింది, అది సగం గ్రౌండ్ దాటి కిందికి దిగుతుంటే ఈ పిల్ల రెండడుగులు వెనక్కి వేసి, ఎగిరి, నుదుటితో కొట్టింది. బంతి వచ్చిన దారినే పోయింది. కింద అన్నయ్య మెసేజ్: "చూశావా నీ మేనకోడల్ని!"

చూశాను. ఆ ముక్కని వెనక్కి జరిపి నాలుగైదుసార్లు చూశాను. బంతి తగలగానే తల వెనక్కి ఊగింది, జడ ఎగిరి భుజం మీద పడింది, పిల్ల మాత్రం ఏమీ పట్టనట్టు పరిగెత్తుకుంటూ పోయింది. ఫోన్ చేసి "దాని తలకేమీ కాదా అన్నయ్యా?" అంటే "నుదుటితో కొడితే ఏం కాదే, కోచ్ చెప్పాడు" అన్నాడు. కోచ్‌కి ఎలా తెలుసు అని అడిగితే "నువ్వు మరీను" అని పెట్టేశాడు.

ఆ "మరీను" పట్టుకుని నెల రోజులు దొరికిందల్లా చదివాను. నాకు అర్థమైంది ఇదీ: అమ్మాయిల ఫుట్‌బాల్‌లో తలదెబ్బలు ఎంత ప్రమాదమో ఇంకా తేలకపోవడానికి పరిశోధన తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. కొలవాల్సిన దాన్ని వదిలేసి కొలవడానికి వీలున్న దాన్ని కొలుస్తున్నారు, అదీ చాలాకాలం మగవాళ్ల తలల మీద తయారైన కొలబద్దతో.

ముందుగా మూడు విషయాల్ని విడదీసుకోవాలి. వార్తల్లో ఈ మూడింటినీ ఒకే గిన్నెలో కలిపేస్తారు, సగం గందరగోళం అక్కడే. మొదటిది కంకషన్, అంటే దెబ్బ తగిలిన వెంటనే గానీ కొన్ని గంటల్లో గానీ తల తిరగడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, స్కోరెంతో గుర్తులేకపోవడం లాంటి లక్షణాలతో బయటపడేది. స్పృహ తప్పాలనేం లేదు, చాలామందికి తప్పదు కూడా. రెండోది మొట్టికాయల లెక్క: ఏ లక్షణమూ చూపించని చిన్నచిన్న దెబ్బలు, ఏడాదికి వందల కొద్దీ పడేవి. మూడోది పెద్ద వయసులో వచ్చే మతిమరుపు జబ్బులు, వాటితోపాటు సీటీఈ అనే, తలదెబ్బలు పదేపదే తిన్నవాళ్లలో కనిపించే మెదడు జబ్బు. ఈ సీటీఈని ఖాయం చేయాలంటే ఇప్పటికీ మనిషి పోయాక మెదడును కోసి చూడాల్సిందే. మొదటిది గంటల్లో తెలుస్తుంది, రెండోదానికి ఏళ్లు పడుతుంది, మూడోదానికి దశాబ్దాలు. ఒకదాన్ని కొలిచే పరికరంతో ఇంకోదాని మీద తీర్పు చెప్పడం కుదరదు, కానీ రోజూ జరిగేది అదే.

బ్రియానా స్కర్రీ సంగతి చూడండి. 1999 మహిళల ప్రపంచ కప్ ఫైనల్, రోజ్ బౌల్ స్టేడియం, 90,185 మంది జనం, పెనాల్టీ షూటౌట్‌లో చైనా అమ్మాయి కొట్టిన బంతిని ఆపిన అమెరికా గోల్‌కీపర్ ఈవిడే. 2010 ఏప్రిల్‌లో ఒక లీగ్ మ్యాచ్‌లో కిందుగా వచ్చిన బంతిని అందుకోవడానికి వంగినప్పుడు, దూసుకొచ్చిన ఫార్వర్డ్ మోకాలు ఆమె కణతకు తగిలింది. లేచి ఆడింది. హాఫ్‌టైమ్‌కి బయటికొచ్చింది, మళ్లీ ఎప్పుడూ మ్యాచ్ ఆడలేదు. ఆపకుండా తలనొప్పి, కుంగుబాటు, డబ్బు ఇబ్బందులు, చివరికి ఒలింపిక్ బంగారు పతకాలు తాకట్టు పెట్టుకునేదాకా వెళ్లింది. 2013లో తల వెనక నరానికి ఆపరేషన్ చేశాక గానీ తేరుకోలేదు. ఆ దెబ్బ హెడర్ (తలతో బంతిని కొట్టడం) కాదు, తగిలింది బంతీ కాదు. ఎవరు ఎన్ని హెడర్లు కొట్టారని రాసుకునే పుస్తకంలో ఆ దెబ్బకు గడి కూడా ఉండదు, గోల్‌కీపర్లు హెడర్లు కొట్టేదే తక్కువ మరి.

సరే, హెడర్ దగ్గరికే వద్దాం, లెక్క వేసి చూద్దాం. రూల్ ప్రకారం 5వ నంబరు బంతి, అంటే పెద్దవాళ్లు ఆడే సైజు, బరువు 410 నుంచి 450 గ్రాములు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇదే బంతి. 430 గ్రాముల బంతి సెకనుకు 15 మీటర్ల వేగంతో, అంటే గంటకు 54 కిలోమీటర్ల చొప్పున, వచ్చి నుదుటికి తగిలి, సెకనుకు 8 మీటర్ల వేగంతో వెనక్కి పోయిందనుకోండి. వేగంలో మొత్తం మార్పు సెకనుకు 23 మీటర్లు, దాన్ని బంతి బరువు 0.43 కిలోలతో గుణిస్తే బంతి ఇచ్చే తోపు వస్తుంది, దాదాపు 9.9. ఆ తోపు అంతా నాలుగున్నర కిలోల తల ఒక్కటే భరిస్తే తల వేగం సెకనుకు 2.2 మీటర్లు మారుతుంది. బంతీ నుదురూ అంటుకుని ఉండేది సెకనులో వందో వంతు, కాస్త అటూ ఇటూ. 12 మిల్లీసెకన్లు అనుకుంటే సగటు త్వరణం సుమారు 19 జి. ఒక జి అంటే భూమి మనల్ని కిందికి లాగే త్వరణం. తల బరువు నాలుగు కిలోలే అయితే అదే బంతికి 21 జి.

యుద్ధవిమానం నడిపే పైలట్లు 9 జి దగ్గర స్పృహ తప్పకుండా ప్రత్యేకమైన సూటు వేసుకుంటారు, మరి 20 జి అంటే మనిషి మిగలకూడదు కదా అనిపిస్తుంది. తేడా సమయంలో ఉంది. పైలట్‌కి అది సెకన్ల తరబడి ఉంటుంది, ఇక్కడ రెప్పపాటులో పదో వంతో ఏమో. కాబట్టి జి అంకె ఒక్కదాన్నే చూసి భయపడటానికీ లేదు, నిశ్చింతగా ఉండటానికీ లేదు. పైగా నా లెక్కలో ఒక అబద్ధం ఉంది: తల గాల్లో విడిగా వేలాడటం లేదు, మెడ మీద ఉంది. మెడ బిగించి, ఒళ్లంతా ఒక్కటిగా చేసి కొడితే ఆ తోపును భుజాలూ ఛాతీ కూడా పంచుకుంటాయి, జి తగ్గుతుంది. చూసుకోకుండా ఉన్నప్పుడు తగిలితే తల ఒక్కటే మోయాలి. అందుకే కాచుకుని కొట్టిన హెడర్ కన్నా వెనకనుంచి అనుకోకుండా వచ్చి తగిలిన బంతికే నేను ఎక్కువ భయపడతాను.

కాగితం మీద కాకుండా మైదానంలో కొలవడానికి మొదట్లో చెవి వెనక అతికించే బిళ్లలు, హెడ్‌బ్యాండ్‌లో దోపే సెన్సర్లు వాడారు. వాటితో చిక్కేమిటంటే చర్మం జారుతుంది. నుదుటి మీద వేలు పెట్టి అటూ ఇటూ కదపండి, పుర్రె కదలదు, చర్మం కదులుతుంది. ఆ బిళ్ల చర్మం కదలికను కొలిచి అదే పుర్రె కదలిక అని చెబుతుంది. 2016లో స్టాన్‌ఫర్డ్ బృందం హెడర్లు కొట్టిస్తూ వీడియోలో కొలిచి చూస్తే, పళ్లకు బిగించిన సెన్సర్ మౌత్‌గార్డ్ పుర్రెతో పోలిస్తే ఒక మిల్లీమీటరు కూడా జరగలేదు, చెవి వెనక బిళ్ల 4 మిల్లీమీటర్ల దాకా, నెత్తిన పెట్టిన టోపీ 13 మిల్లీమీటర్ల దాకా జరిగాయి. మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, సెకనులో వందో వంతులో అంత జరిగితే త్వరణం అంకె ఎక్కడికో పోతుంది. అందుకే ఇప్పుడు చూపంతా మౌత్‌గార్డ్ వైపే. పై పలువరుస పుర్రెకు గట్టిగా పట్టి ఉంటుంది కాబట్టి పళ్లు కదిలాయంటే పుర్రె కదిలినట్టే. రగ్బీలోనైతే 2024 నుంచి పెద్ద మ్యాచ్‌లలో, మౌత్‌గార్డ్ అలర్ట్ ఇస్తే ఆటగాణ్ణి బయటికి పిలిచి పరీక్షించే పద్ధతి వచ్చింది.

మౌత్‌గార్డ్‌నీ పూర్తిగా నమ్మడానికి లేదు. 10 జి లాంటి గీత ఒకటి పెట్టుకుని, అది దాటినప్పుడే రికార్డు చేస్తుంది. పిల్ల దాన్ని కసిగా నమిలినా, ఊడదీసి సాక్సులో దోపుకున్నా కూడా గీత దాటొచ్చు. అందుకని పని శ్రద్ధగా చేసే పరిశోధకులు మ్యాచ్ వీడియో పక్కన పెట్టుకుని, ఫలానా నిమిషం ఫలానా సెకనులో అంకె వచ్చింది, అప్పుడు నిజంగా తలకు ఏదైనా తగిలిందా లేక నీళ్ల బాటిల్ కోసం బెంచీ దగ్గరికి పోయిందా అని ఒక్కొక్కటీ చూస్తారు. ఒళ్లు విరిచే పని, కానీ ఇది చేయకుండా "సీజన్‌లో ఇన్ని దెబ్బలు" అని ఎవరైనా అంకె చెబితే నేను పక్కన పెట్టేస్తాను. గీత కింద ఉండిపోయిన దెబ్బల మాటేమిటన్నది ఇంకో తలనొప్పి.

ఇంతకన్నా పెద్ద ముడి ఇంకోటుంది. పైన వేసిన జి లెక్క తల నేరుగా వెనక్కి జరగడానికి సంబంధించింది. మెదడును ఎక్కువ ఇబ్బంది పెట్టేది తల గిర్రున తిరగడం. గిన్నెలో జున్ను ఉందనుకోండి. గిన్నెను నేరుగా పక్కకు జరిపితే జున్ను దానితోపాటే జరుగుతుంది. గిన్నె అంచులు పట్టుకుని చటుక్కున తిప్పి చూడండి: అంచున ఉన్నది గిన్నెతో తిరుగుతుంది, మధ్యది కాస్త ఆలస్యంగా వస్తుంది, ఈ రెంటి మధ్య జున్ను సాగి చీలుతుంది. మెదడు కూడా అలాంటి మెత్తటి పదార్థమే. దాని లోపల పొడుగ్గా పోయే నరాల తీగలు, ఆక్సాన్లు అంటారు, ఆ సాగుడుకే దెబ్బతింటాయి. అందుకని తల ఎంత వేగంగా తిరిగిందన్నది సెకనుకు ఇన్ని రేడియన్లు (కోణాన్ని కొలిచే యూనిట్) అని విడిగా కొలుస్తారు. నుదుటి మధ్యలో తగిలిన బంతి కన్నా కణతకు తగిలిన బంతో, దవడకు తగిలిన మోచెయ్యో తలను ఎక్కువ తిప్పేస్తుంది. కోచ్ చెప్పిన "నుదుటితో కొడితే ఏం కాదు"లో నిజం అంతవరకే.

ఇప్పుడు అమ్మాయిల సంగతి. అమెరికా హైస్కూలు ఫుట్‌బాల్‌లో తొమ్మిదేళ్ల లెక్కలు తీసి 2015లో వేసిన ఒక పరిశోధన ప్రకారం, ప్రాక్టీసుకో మ్యాచ్‌కో పదివేలసార్లు దిగితే అమ్మాయిలకు 4.5 కంకషన్లు, అబ్బాయిలకు 2.78. కంకషన్ తగిలినప్పుడు ఏం చేస్తున్నారని చూస్తే అమ్మాయిల్లో పావు వంతు హెడర్ కొడుతున్నవాళ్లే. అయితే ఆ హెడర్లలోనూ ఎక్కువ కంకషన్లకు కారణం బంతి కాదు, అదే బంతికోసం ఎగిరిన ఇంకో మనిషి. 2015 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో జర్మనీ అలెగ్జాండ్రా పాప్, అమెరికా మోర్గన్ బ్రయన్ అలాగే ఎగిరి తలలు గుద్దుకున్నారు; పాప్ జుట్టు రక్తంతో తడిసింది, కాసేపటికి ఇద్దరూ లేచి మళ్లీ ఆడారు. దాన్ని హెడర్ కింద రాయాలా, ఢీకొనడం కింద రాయాలా? హెడర్లు నిషేధించాలనేవాళ్లు ఒక గడిలో వేస్తారు, ఆటను కాస్త మర్యాదగా ఆడించాలి అనేవాళ్లు రెండో గడిలో వేస్తారు, ఇద్దరి దగ్గరా అంకెలుంటాయి. తలదెబ్బ తగిలిన మనిషిని తీసేసి అదనంగా ఇంకొకరిని దింపుకునే వీలు అప్పట్లో లేదు, 2021లో ప్రయోగంగా మొదలై 2024లో గానీ రూల్ పుస్తకంలోకి ఎక్కలేదు.

2021లో మిషిగన్ హైస్కూళ్ల నుంచి, 80 వేలకు పైగా పిల్లల లెక్కలతో ఇంకో పరిశోధన వచ్చింది. అందులోనూ అమ్మాయిలకు ప్రమాదం దాదాపు 1.9 రెట్లు. నన్ను పట్టుకున్నది మాత్రం వేరే అంకె: దెబ్బ తగిలిన వెంటనే మైదానం నుంచి బయటికి తీసుకురావడం అబ్బాయిల విషయంలోనే ఒకటిన్నర రెట్లు ఎక్కువ. అబ్బాయిలు ఎక్కువగా ఒకరినొకరు గుద్దుకుని పడతారు, అందరి కళ్లూ పడతాయి, రిఫరీ విజిల్ వేస్తాడు. అమ్మాయిల్లో బంతి తగిలి జరిగేవి ఎక్కువ, ఆట ఆగదు, ఎవరూ చూడరు. ఇది మెదడు సంగతి కాదు, చూసేవాళ్ల సంగతి.

అయినా శరీరంలో తేడా లేదని కాదు. మెడ సంగతి పైన చెప్పాను. సగటున ఆడవాళ్ల మెడ సన్నం, బలం తక్కువ, తల బరువు తేడా మాత్రం అంత లేదు, కాబట్టి అదే తోపుకి తల ఎక్కువ ఊగుతుంది. 2014లో అమెరికాలో 6,700 మంది హైస్కూలు ఆటగాళ్ల మెడ బలం కొలిచి, ఆ తర్వాత ఎవరికి కంకషన్ వచ్చిందో చూస్తే, మెడ బలం ఒక్కో పౌను పెరిగేకొద్దీ కంకషన్ అవకాశం 5 శాతం తగ్గుతూ వచ్చింది. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకా లోపలికి వెళ్లి, ప్రయోగశాలలో పెంచిన ఆక్సాన్లను సాగదీసి చూశారు: ఆడ కణాల ఆక్సాన్లు సన్నగా, లోపలి సూక్ష్మ గొట్టాలు తక్కువగా ఉండి, అదే సాగుడుకి ఎక్కువ తెగాయి. నెలసరి చక్రంలో ఏ రోజుల్లో దెబ్బ తగిలిందన్నది కోలుకోవడం మీద ప్రభావం చూపిస్తుందనే పరిశోధన కూడా ఉంది. "అమ్మాయిలు నొప్పి అని ఎక్కువ చెబుతారు, అందుకే అంకెలు ఎక్కువ" అనేవాళ్లూ ఉన్నారు. చెప్పడంలో తేడా ఉండొచ్చు, కానీ గిన్నెలో సాగదీసిన ఆక్సాన్ ఎవరికీ కంప్లయింట్ ఇవ్వలేదు కదా.

మొట్టికాయల లెక్కకు నేను చూసినవాటిలో గట్టిది 2018లో న్యూయార్క్‌లోని ఐన్‌స్టైన్ వైద్య కళాశాల నుంచి వచ్చింది. సరదాగా ఆడే 49 మంది ఆడవాళ్లు, 49 మంది మగవాళ్లు, ఏడాదిలో కొట్టిన హెడర్లు దాదాపు సమానం, నాలుగు వందల డెబ్భై, ఎనభై ప్రాంతం. ఎమ్మారైలో చూస్తే హెడర్లు ఎక్కువైనవాళ్ల మెదడులోని తెల్ల పదార్థంలో మార్పులు మగవాళ్లలో మూడు చోట్ల, ఆడవాళ్లలో ఎనిమిది చోట్ల కనిపించాయి. మార్పు కనిపించిన భాగాల మొత్తం పరిమాణం ఆడవాళ్లలో దాదాపు అయిదు రెట్లు. ఈ అంకె విని చాలామంది "ఆడవాళ్ల మెదడుకు అయిదింతల నష్టం" అని రాసేశారు. అలా కాదు. స్కాన్‌లో మార్పు అంటే జబ్బు అని అర్థం కాదు, వాళ్లలో ఎవరూ రోగులై రాలేదు. ఆ మార్పు ఆగిపోతుందా, పెరుగుతుందా అన్నది ఒక్క స్కాన్‌తో చెప్పలేం. అన్ని హెడర్లు కొట్టారని చెప్పింది కూడా సెన్సర్ కాదు, వాళ్ల జ్ఞాపకం.

ఇక మూడో లెక్క, ముసలితనం లెక్క. ఇక్కడే కొలబద్ద ఎవరిదన్నది బాగా కనిపిస్తుంది. 2019లో గ్లాస్గో నుంచి వచ్చిన పెద్ద పరిశోధనలో స్కాట్లండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్లు 7,676 మందిని మామూలు జనంతో పోల్చారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం ఆటగాళ్లలో మూడున్నర రెట్లు. అందరూ మగవాళ్లే. 2023లో స్వీడన్ నుంచి ఇంకోటి, 6,007 మంది, ఒకటిన్నర రెట్లు, వాళ్లూ మగవాళ్లే. ఆడవాళ్లు ప్రొఫెషనల్‌గా ఆడి, రిటైరై, ఎనభైలకు చేరిన తరం అంటూ ఒకటి ఉంటే కదా లెక్క తీయడానికి. ఇంగ్లండ్‌లోనైతే ఫుట్‌బాల్ సంఘం 1921లో తన మైదానాల్లో ఆడవాళ్ల ఆటను నిషేధించి, యాభై ఏళ్లు అలాగే ఉంచింది. పరికరాల చరిత్రా అంతే. తలదెబ్బల సెన్సర్ల మీద పెద్ద ఎత్తున పని మొదలైంది 2003లో, వర్జీనియా టెక్ అమెరికన్ ఫుట్‌బాల్ కుర్రాళ్ల హెల్మెట్లలో పెట్టినప్పుడు. హెల్మెట్ పరీక్షలకూ కార్ల పరీక్షలకూ వాడే బొమ్మ సగటు మగవాడి కొలతలతో చేసింది. "ఇంత జి దాటితే ప్రమాదం" అనే గీతలు అక్కడ పుట్టాయి. అదే గీతను పదమూడేళ్ల పిల్ల మెడ మీద పెట్టి "లోపలే ఉంది, ఫర్వాలేదు" అంటే నాకు నమ్మకం కుదరదు.

ఆ ఖాళీ నింపడానికి బోస్టన్ విశ్వవిద్యాలయం నలభై దాటిన మాజీ మహిళా ఆటగాళ్ల మీద ఒక పరిశోధన పెట్టింది, 1999 జట్టులోని మిషెల్ ఏకర్స్, బ్రాందీ చాస్టెయిన్ అందులో చేరారు. చాస్టెయిన్ అంతకుముందే, 2016లో, తాను పోయాక మెదడును పరీక్షకు ఇస్తానని ప్రకటించింది. 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు సీటీఈ ఉన్నట్టు తేలిన తొలి ప్రొఫెషనల్ క్రీడాకారిణిగా హెదర్ ఆండర్సన్ పేరు బయటపెట్టారు. ఆమె ఆడింది ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, పోయేనాటికి వయసు 28. ఆట వేరు, దెబ్బలు వేరు, కాబట్టి దాన్ని తెచ్చి నేరుగా సాకర్‌కి అంటించకూడదు, కానీ ఆడవాళ్లకు సీటీఈ రాదేమో అనే మాట మాత్రం అక్కడితో అయిపోయింది.

కొలత తేలేలోపు రూల్స్ వచ్చేశాయి, అది మంచిదే అనుకుంటున్నాను. అమెరికాలో 2015 చివర్లో పదేళ్లూ అంతకన్నా చిన్నపిల్లలకు హెడింగ్ పూర్తిగా ఆపేశారు, 11 నుంచి 13 ఏళ్ల వాళ్లకు ప్రాక్టీసులో వారానికి అరగంట, మనిషికి 15-20 హెడర్లు మించకూడదన్నారు. ఇంగ్లండ్‌లో 2021 నుంచి పెద్దవాళ్లకు కూడా గట్టి హెడర్లు ప్రాక్టీసులో వారానికి పదే. గట్టి హెడర్ అంటే 35 మీటర్లు దాటి వచ్చిన పాసు, కార్నర్, ఫ్రీకిక్, క్రాస్ లాంటివి. ఈ పదికి, ఆ ఇరవైకి శాస్త్రం కన్నా ఇంగితజ్ఞానమే ఆధారం ఎక్కువ. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే పది అన్నది మాత్రం మళ్లీ పాత కథే.

హెడ్‌బ్యాండ్ కొనిపెడదాం అనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. 2,766 మంది హైస్కూలు పిల్లల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మెత్తటి హెడ్‌గేర్ పెట్టి ఆడించి చూశారు, 2019లో ఫలితం వచ్చింది: కంకషన్లు తగ్గలేదు. చర్మం చిట్లకుండా కాపాడొచ్చు, లోపల జున్ను తిరగడాన్ని బయటి స్పాంజి ఆపలేదు. ఆ డబ్బుతో రబ్బరు బ్యాండ్ ఒకటి కొని మెడ వ్యాయామాలు నేర్పించే మనిషిని వెతకడం మేలు.

పైన చెప్పిన అంకెల్లో ఒక్కటీ మన గ్రౌండ్లది కాదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లి దేశం జట్టుకి ఆడుతున్న గుగులోత్ సౌమ్యను చూసి బూట్లు కట్టుకుంటున్న పిల్లలు ఇక్కడా ఉన్నారు. మౌత్‌గార్డ్ సెన్సర్ సంగతి తర్వాత, మన స్కూలు గ్రౌండ్‌లో ఆరో తరగతి పిల్లకి 5వ నంబరు బంతి ఇవ్వకుండా ఉంటే అదే మొదటి మేలు.

బంతిలో గాలి ఒత్తిడి కూడా రూల్ ప్రకారం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు, అంటే రెండు కొసల మధ్య దాదాపు రెట్టింపు తేడా. మెత్తటి బంతి నుదుటికి ఎక్కువసేపు అంటుకుని ఉండి, అదే తోపును నెమ్మదిగా దించుతుంది, నా లెక్కలో ఆ 12 మిల్లీసెకన్లు పెరిగితే 19 జి తగ్గుతుంది. ఇంత చదివి అన్నయ్యకి నేను పంపిన ప్రశ్నలు రెండే: వారంలో ప్రాక్టీసులో పిల్ల ఎన్ని హెడర్లు కొడుతోంది, బంతిలో గాలి ఎంత పెడుతున్నారు.

మరుసటి ఆదివారం వీడియోతోపాటు జవాబు వచ్చింది. "హెడర్లు ఎవరూ లెక్కపెట్టడం లేదట. గాలి ఎంతో కోచ్‌ని అడిగానే, బొటనవేలితో బంతిని నొక్కి చూపించాడు."